ఓడ దిగిన మొక్కకు ఎన్ని ప్రశ్నలు?

సూరత్ నగరం దాటి తపతీ నది వెంట పడమరగా సాగే రహదారి చివరకు హజీరా చేరుతుంది. నది ఖంభాత్ సింధుశాఖలో కలిసే చోటు అది. ఒకప్పుడు పల్లెలూ, ఉప్పునేలలూ తప్ప వేరేమీ కనిపించని ఆ తీరంలో ఇప్పుడు ఎరువుల కర్మాగారం, ఉక్కు కర్మాగారం, సహజవాయువును శుద్ధిచేసే కేంద్రం, ఓడరేవు బారులు తీరి ఉన్నాయి. అయితే యంత్రాల మీద నుండి చూపు మరల్చి నేల వంక చూసినవారికి మరొక సంగతి కనిపిస్తుంది. ప్రహరీగోడల వెలుపల, బీడునేలల్లో, ఆటుపోట్ల నీరు వచ్చిపోయే బురద అంచున, ఎక్కడ చూచినా ఒకే రకపు ముళ్లపొద.

గుజరాతీలు దానిని ‘గాండో బావళ్’ అంటారు. అనగా పిచ్చి తుమ్మ. సూరత్ మరమగ్గాల మీద జీవనం సాగిస్తున్న తెలుగు కుటుంబాలు వేలకొలది ఉన్నాయి. తెలంగాణ జిల్లాల నుండి వలస వెళ్లిన పద్మశాలీలే వారిలో అధికులు. వారికి ఈ చెట్టును పరిచయం చేయనక్కరలేదు. మన పల్లెలలో దాని పేరు సర్కారు తుమ్మ. రాయలసీమలో కంపచెట్టు అన్నా తెలుస్తుంది. తమిళులు సీమై కరువేలం అన్నారు. ఉత్తరాదివారు విలాయతీ కీకర్ అన్నారు. ఈ పేర్లను ఒకచోట చేర్చి చదివితే చాలు, దాని చరిత్ర సగం తెలిసిపోతుంది. ఇది సీమ నుండి వచ్చినది, సర్కారువారు తెచ్చినది, వచ్చినాక పిచ్చెత్తినట్లు పెరిగినది.

వృక్షశాస్త్రంలో ప్రోసోపిస్ జూలిఫ్లోరా అనే పేరుతో ప్రసిద్ధమైన ఈ చెట్టు పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ఉత్తర ప్రాంతాలు. మన దేశంలో దాని మెట్టినిల్లు ఏదో తెలిస్తే పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. అది గుజరాత్ కాదు, రాజస్థాన్ కాదు. మన కడప జిల్లాలోని కమలాపురం.

కమలాపురంలో మొదలైన కథ

1876లో మద్రాసు రాజధానిలో ఉత్తర విభాగపు అటవీ సంరక్షకుడు లెఫ్టినెంట్ కర్నల్ రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ ఈ చెట్టు విత్తనాలు తెప్పించవలసిందిగా రెవెన్యూ కార్యదర్శికి వ్రాసినాడు. జమైకా ద్వీపం నుండి విత్తనాలు వచ్చాయి. 1877లో వాటిని కమలాపురం తోటలలో నాటారు. ఆ రెండేళ్లూ దక్షిణాదిని మహాక్షామం పీడించిన కాలమని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. వానలు లేవు; పశువులకు మేత లేదు; వంటచెరకుకు కరవు; రైలుబండ్లకు సైతం ఆ రోజులలో కట్టెలే ఇంధనం. నీరు లేని నేలలో పచ్చగా నిలిచి, నరికినకొద్దీ చిగిర్చి, కాయలతో పశువులను పోషించే చెట్టు ఒకటి ఉన్నదని వింటే ఏ అధికారికి ఆశ పుట్టదు?

బెడ్డోమ్ తెలివితక్కువవాడు కాడు. దక్షిణ భారతపు చెట్లను గూర్చి, ఫెర్నులను గూర్చి ఆయన రచించిన గ్రంథాలను వృక్షశాస్త్రజ్ఞులు నేటికీ తిరగవేస్తారు. పాములను, బల్లులను గూర్చి కూడ కూలంకషంగా తెలిసినవాడు. తన కాలంలో ఈ నేల మీది వృక్షసంపదను ఆయనకంటె ఎక్కువగా ఎరిగినవారు అరుదు. కనుక ఈ కథను అజ్ఞానపు కథగా చెప్పి చేతులు దులుపుకోవడానికి వీలులేదు. అందులోనే అసలు చిక్కు ఉన్నది.

అక్కడి నుండి చెట్టు ప్రయాణం వేగంగా సాగింది. పంతొమ్మిదవ శతాబ్ది ముగియకముందే గుజరాత్‌లోని కచ్ ప్రాంతానికి చేరింది. 1940లో జోధ్‌పూర్ సంస్థానం దానిని రాజవృక్షంగా ప్రకటించి కాపాడింది. స్వాతంత్ర్యానంతరం, 1960వ దశకారంభంలో, రణ్ ఎడారి ఉప్పు ముందుకు పాకకుండ అడ్డుకట్ట వేయాలన్న సదుద్దేశంతో గుజరాత్ అటవీ శాఖ కచ్‌లోని బన్నీ మైదానంలో వేలకొలది హెక్టార్ల మేర నాటించింది. బన్నీ సుమారు 2,500 చదరపు కిలోమీటర్ల గడ్డినేల. తరతరాలుగా మాల్ధారీ పశుపాలకులు గేదెలను, కాంక్రేజ్ ఆవులను మేపుకొన్న బయలు. నేడు ఆ నేలలో సగానికి పైగా పిచ్చి తుమ్మ ఆక్రమించింది. గడ్డి పోయింది. కాయలు మితిమీరి తిన్న ఆవుల ఆరోగ్యం చెడింది. ఆవులను విడిచి గేదెలను నమ్ముకొన్నవారు, పశువులనే విడిచి తుమ్మకట్టెతో బొగ్గు కాల్చుకొంటున్నవారు అక్కడ కనిపిస్తారు. ఏకు మేకై కూర్చున్నదని పెద్దలు అనేది ఇటువంటిదానినే.

న్యాయంగా మాట్లాడాలంటే రెండవ వైపు కూడ చెప్పాలి. మన పల్లెలలో ఎందరో పేదల పొయ్యి ఇంతకాలం వెలిగింది ఈ కంపతోనే. చేలకు కంచె అయినది ఇదే. వేరొక చెట్టు బతకని చౌడునేలలో నీడ నిచ్చినదీ ఇదే. ఈ చెట్టును సమూలంగా పెకలించాలన్న వాదం తమిళనాట న్యాయస్థానాల దాకా వెళ్లినప్పుడు, కూలి దొరకని నెలల్లో దానిని కొట్టి అమ్ముకొని బతికేవారి మాటేమిటని అడిగినవారు ఉన్నారు. ఆ ప్రశ్నకు తేలిక సమాధానం లేదు. 150 సంవత్సరాలు గడిచిన తరువాత ఎటు కదిపినా ఎవరికో ఒకరికి నష్టమే. అందుకే తీర్పు చెప్పవలసిన వేళ ఇది కాదు, విత్తనం ఓడ దిగిన వేళ అంటారు శాస్త్రజ్ఞులు.

వచ్చినవన్నీ శత్రువులు కావు

హజీరా తీరానికి ఓడలు కొత్త కాదు. దానికి ఆనుకొనియున్న సువాలీ రేవులోనే 1612లో ఆంగ్లేయుల నౌకలు పోర్చుగీసువారితో పోరాడి నిలిచాయి. ఈస్టిండియా కంపెనీ సూరత్‌లో కాలూనుకొన్నది ఆ పిమ్మటనే. ఆ శతాబ్దాలలో పడమటి ఓడలు మన దేశానికి తెచ్చినవి తుపాకులు, తక్కెడలు మాత్రమే కావు. మిరప వచ్చింది. బొప్పాయి, జీడిమామిడి, జామ, సీతాఫలం, వేరుసెనగ వచ్చాయి. ఇవన్నీ అమెరికా ఖండపు బిడ్డలే. మిరపకాయ లేని గుంటూరును, వేరుసెనగ లేని అనంతపురాన్ని ఊహించగలమా? పరదేశి మొక్క అన్నంత మాత్రాన పగబూనవలసిన పని లేదు.

లెక్కలు కూడ ఈ మాటనే బలపరుస్తాయి. బ్రిటిష్ జీవశాస్త్రజ్ఞుడు మార్క్ విలియమ్సన్ 1996లో ఒక స్థూలసూత్రం చెప్పినాడు. దేశంలోకి తెచ్చిన జాతులలో పదింట ఒకటి తోట దాటి బయటపడుతుంది. బయటపడినవాటిలో పదింట ఒకటి తనంతట తాను స్థిరపడుతుంది. స్థిరపడినవాటిలో పదింట ఒకటి బెడదగా మారుతుంది. ఇది కచ్చితమైన నియమం కాదు. కొన్ని సమూహాలలో తప్పుతుంది కూడ. జీవవైవిధ్యంపై ప్రభుత్వాల అంతర్జాతీయ విజ్ఞాన వేదిక 2023 సెప్టెంబరులో వెలువరించిన నివేదిక ప్రకారం మానవుల చేతిమీదుగా కొత్త ప్రాంతాలకు చేరి స్థిరపడిన జీవజాతులు ప్రపంచంలో 37,000 పైచిలుకు. వాటిలో హాని చేస్తున్నవి 3,500కు మించి ఉన్నాయి. మొక్కలను మాత్రమే తీసుకొంటే నూటికి ఆరు. కాని ఆ కొద్దిపాటివే తెచ్చిపెడుతున్న నష్టం చిన్నది కాదు: జంతువులు, సూక్ష్మజీవులతో కలిపి 2019లో 42,300 కోట్ల డాలర్లకు పైబడినదని ఆ నివేదిక అంచనా.

అంటే సమస్య ఇది: వాకిట నిలిచిన నూరుమంది అతిథులలో ఏ ఐదారుగురో దొంగలు. ముఖం చూసి పోల్చడానికి గుర్తులు లేవు. తలుపు మూసివేస్తే మిరపకాయ కూడ లోపలికి రాదు. బార్లా తెరిస్తే బన్నీ పోతుంది.

ఇంకొక వింత ఏమనగా, ఒకచోట దొంగ అయినది మరొకచోట దొర. మన నల్ల తుమ్మనే చూడండి. చెరువుగట్ల మీద, పొలాల నడుమ మనకు ఎంతో అక్కరకు వచ్చిన చెట్టు. నాగలికి, బండిచక్రానికి దాని కర్రే కావాలి. దానిని గొర్రెలకు నీడగా, మేతగా ఉంటుందని 1890ల ప్రాంతంలో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌కు తీసుకొనిపోయారు. నేడు అక్కడ 60 లక్షల హెక్టార్లకు పైబడిన గడ్డినేలను అది ఆక్రమించి, జాతీయస్థాయి కలుపుమొక్కల పట్టికలోకెక్కింది. బన్నీలో మాల్ధారీల గోడు ఏమిటో, అక్కడి గొర్రెలకాపరుల గోడు అదే. కాకపోతే అక్కడ పరదేశి మన తుమ్మ.

నలభై తొమ్మిది ప్రశ్నలు

ఇటువంటి దెబ్బలు తిని తిని ఆస్ట్రేలియావారు 1990లలో ఒక పద్ధతిని రూపొందించారు. పాల్ ఫెలంగ్ అనే శాస్త్రజ్ఞుడు దానికి ఆద్యుడు. 1997 నుండి ఆ దేశానికి ఏ కొత్త మొక్కను తేదలచినా ఆ పరీక్షకు నిలువవలసిందే. దానిలో ప్రశ్నలు 49. ఆ మొక్క చరిత్ర, అది పుట్టిన ప్రాంతపు వాతావరణం, వేరే దేశాలలో దాని నడవడి మొదలైనవి ఒక భాగం. ముళ్లు, విషం, ఇతర మొక్కలను అణచే గుణం వంటి అవలక్షణాలు రెండవ భాగం. విత్తనం, వ్యాప్తి, జీవనక్రమం మూడవది. ప్రతి జవాబుకు మార్కులు. మొత్తం సున్న, లేక అంతకు తక్కువ వస్తే రానిస్తారు. ఆరు దాటితే వద్దంటారు. ఒకటి మొదలు ఆరు వరకు వస్తే మరికొంత విచారించి చూస్తారు. మన బడులలో ఎక్కువ మార్కులు వచ్చినవాడు పైతరగతికి పోతాడు. ఇక్కడ ఎక్కువ మార్కులు వచ్చినదానిని గుమ్మం బయటనే ఆపుతారు. అన్ని ప్రశ్నలకూ జవాబులు దొరకవు గనుక కనీసం పదింటికి వస్తే చాలునన్న వెసులుబాటు ఉన్నది.

ఇప్పుడు ఒక ఊహ చేద్దాము. 1876లో బెడ్డోమ్ బల్ల మీద ఆ ప్రశ్నపత్రం ఉన్నదనుకొందాము. సర్కారు తుమ్మ తరపున ఆయన జవాబులు ఎలా ఉండేవి?

ముళ్లున్నవా? ఉన్నాయి. సారం లేని నేలలో పెరుగుతుందా? పెరుగుతుంది, కావలసినదే అది. దట్టమైన పొదలుగా అల్లుకొంటుందా? అల్లుకొంటుంది, కంచెకు పనికివస్తుంది. గాలిలోని నత్రజనిని నేలలో నిలిపే జాతి చెట్టేనా? అవును; చిక్కుడు కుటుంబానిది. నరికితే, కాల్చితే మళ్లీ చిగురిస్తుందా? అద్భుతంగా చిగురిస్తుంది, వంటచెరకుకు అంతకంటె ఏమి కావాలి? విత్తనాలు విరివిగా కాస్తుందా? కాస్తుంది. విత్తనం ఏళ్ల తరబడి నేలలో నిలువ ఉంటుందా? ఉంటుంది, పెంకు గట్టిది. పశువుల కడుపులో పడినా విత్తనం చావదా? చావదు సరికదా, జీర్ణరసాలు తగిలి పెంకు మెత్తబడి పేడలో నుండి మరింత చురుకుగా మొలుస్తుంది. పొడినేలల వాతావరణం సరిపడుతుందా? సరిగ్గా సరిపడుతుంది.

పాఠకులు గమనించే ఉంటారు. బెడ్డోమ్ ఏ గుణాల కోసం ఆ చెట్టును కోరినాడో, ఆ గుణాలే ఒక్కొక్కటి ఒక్కొక్క మార్కుగా దాని మీద నేరం మోపుతున్నాయి. కరవునేలకు పనికివచ్చే చెట్టు అనే వర్ణనా, ఆక్రమించే చెట్టు అనే వర్ణనా ఇంచుమించు ఒకే వాక్యం. సంరక్షకునికి కళ్లు లేక కాదు. చూసినదానిని మరొక వరుసలో వ్రాసుకొన్నాడు.

అయితే ఒక్క ముఖ్యమైన ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు ఉండేది కాదు. వేరే దేశంలో ఇది కలుపుగా మారినదా? అన్ని ప్రశ్నలలోకీ భవిష్యత్తును బాగా చెప్పేది ఇదే. కాని 1876 నాటికి ఈ చెట్టు ఇంకా అంతగా లోకసంచారం చేయలేదు. ముందుగా తెచ్చుకొన్నవారికి ఈ జవాబు దొరకదు. తరువాతివారికి వారి అనుభవమే జవాబు అవుతుంది. మనము కొన్ని మొక్కల విషయంలో లోకానికి అటువంటి పాఠంగా మారినాము.

ఆలస్యంగా వెలువడే తీర్పు

పరీక్షకు మరొక పెద్ద శత్రువు కాలం. జర్మనీలో ఇంగో కొవారిక్ అనే పరిశోధకుడు బ్రాండెన్‌బర్గ్ ప్రాంతానికి తెచ్చిన చెట్లు, పొదల చరిత్రను తిరగవేసి 1995లో ఒక లెక్క ప్రకటించినాడు. మొక్కను తెచ్చిన నాటికీ, అది తనంతట తాను వ్యాపించడం మొదలుపెట్టిన నాటికీ మధ్య సగటున 147 సంవత్సరాలు గడిచాయి. పొదలకైతే 131, చెట్లకైతే 170. అంటే తెచ్చినవాని మునిమనుమడు కూడ ఇది సాధుజంతువనే నమ్ముతాడు. ఉష్ణదేశాలలో గడువు ఇంత ఉండదు. చెట్లు త్వరగా కాపుకు వస్తాయి. అయినా మన సర్కారు తుమ్మ నాటిన నూరేళ్లకు కూడ, 1980లలో సామాజిక అడవుల పథకాల కింద, ఉత్సాహంగా మళ్లీ నాటబడినదన్న సంగతి మరువరాదు.

ఆ రోజులలోనే సూరత్ గడ్డకు సంబంధించిన మరొక కథ నడిచింది. సూరత్ జిల్లా కోస్మాడాలో జన్మించి, మహారాష్ట్రలో ఉరులీకాంచన్ కేంద్రంగా పశుసంపదాభివృద్ధికి జీవితం ధారవోసిన మణిభాయ్ దేశాయ్ 1970లలో సుబాబుల్ చెట్టును రైతుల ముంగిట నిలిపినాడు. అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తు 1977లో ఆ చెట్టు గొప్పదనంపై ప్రత్యేకంగా ఒక గ్రంథమే వెలువరించింది. మేత, ఎరువు, కట్టె, కాగితపు గుజ్జు, అన్నీ ఒక్క చెట్టులో! ప్రకాశం, కృష్ణా జిల్లాలలో ఎందరో రైతులు కాగితపు మిల్లులకు సుబాబుల్ కర్ర అమ్మి నిలదొక్కుకొన్నారు. అదే చెట్టు ప్రపంచంలోని నూరు చెడ్డ ఆక్రమణ జాతుల పట్టికలో కూడ ఉన్నది. ఈ రెండు సంగతులూ నిజమే. రైతు క్రమం తప్పక నరికే పొలంలో అది పంట. కాయలు ముదిరి రాలే గట్టు మీద అది కలుపు. పరీక్షలో దానికి వచ్చే మార్కు ఒకటే, కాని పెంచే చేయి వేరు. నలభై తొమ్మిది ప్రశ్నలలో ఈ తేడాను పట్టగలిగే ప్రశ్న లేదన్నది ఈ రచయిత అభిప్రాయం.

పరీక్ష ఎంతవరకు నమ్మదగినది? ఆస్ట్రేలియాలో అప్పటికే నడవడి తెలిసిన 370 మొక్కలపై దానిని ప్రయోగించి చూచారు. తీవ్రమైన కలుపు అని పేరుపడ్డ ఏ ఒక్కదానికీ అది నేరుగా ప్రవేశం ఇవ్వలేదు. కొన్నిటిని తిరస్కరించింది, తక్కినవాటిని మరికొంత విచారించాలన్నది. మంచివాటిలో నూటికి ఏడింటిని మాత్రమే పొరపాటున తిప్పిపంపింది. వినడానికి బాగున్నది. కాని ఇక్కడ ఒక గణితపు మెలిక ఉన్నది. కొత్తగా వేయి మొక్కలు వచ్చాయనుకొందాము; వాటిలో నిజంగా బెడద కాగలవి 20. పరీక్ష నూటికి 85 పాళ్లు ఒప్పు చెబుతుందనుకొందాము. దొంగలు 20లో 17 పట్టుబడతాయి. తక్కిన 980 మంచివాటిలో నూటికి 15 చొప్పున 147 కూడ పట్టుబడతాయి. గుమ్మం బయట నిలిచిన 164లో 147 నిరపరాధులే! తోటల వ్యాపారులు ఈ లెక్క చూపి, ఇదేమి న్యాయమని అడుగుతారు.

జవాబు నష్టాలను తూచి చూడడంలో ఉన్నది. ఒక మంచి పూలమొక్కను తిప్పిపంపితే ఒక వ్యాపారికి ఒక సరుకు తగ్గుతుంది. దాని వంటిది మరొకటి దొరుకుతుంది. ఒక చెడ్డదానిని రానిస్తే తరతరాలు కత్తి పట్టాలి. ఈ రెండింటినీ డబ్బుగా మార్చి ముగ్గురు పరిశోధకులు 2007లో లెక్కకట్టారు. పొరపాటున ఆపిన మంచి మొక్కల నష్టం పోగా ఆస్ట్రేలియాకు ఈ పరీక్ష వలన 50 సంవత్సరాలలో 167 కోట్ల అమెరికన్ డాలర్ల దాకా నికరలాభమని తేలింది.

మన గుమ్మం వద్ద

మన దేశంలో విదేశీ మొక్కల రాకను అదుపుచేసే చట్టం 1914 నాటిది. దాని కింద 2003లో వెలువడిన మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు నేటికీ ఆధారం. విత్తనమైనా, అంటు అయినా అనుమతిపత్రం ఉండాలి. పంపే దేశం వారి ఆరోగ్యధ్రువపత్రం ఉండాలి. నిర్ణీత ప్రవేశద్వారాల వద్ద తనిఖీ జరగాలి. మొక్కను అంటిపెట్టుకొని వచ్చే పురుగు, తెగులు, శిలీంధ్రం మీద దృష్టి ఎక్కువ. కలుపుజాతుల పట్టిక కూడ ఒకటి ఉన్నది. అయితే పట్టికలో పేరున్నవాడు పాత నేరస్థుడు. పేరు లేనివాడు దొంగ కాడని అర్థమా? అందంగా పూసే కొత్త మొక్కయే పురుగువలె దేశాన్ని తినగలదన్న అనుమానంతో దానిని నిలదీయడం మన పద్ధతిలో ఇంకా బలపడవలసి ఉన్నది.

అడగకుండ వచ్చేవి వేరు. వయ్యారిభామ మొక్క 1950లలో పూనా పరిసరాల్లో కంటబడి, దిగుమతి గోధుమలతో వచ్చినదన్న ప్రచారం పొందింది. అంతకు ముందే దేశంలో అక్కడక్కడ ఉన్నదని పాత వృక్షనమూనాలు చూపుతున్నవారూ ఉన్నారు. ఎట్లు వచ్చినా, దానిని తినే పెంకుపురుగును మెక్సికో నుండి తెప్పించి 1984లో బెంగుళూరులో విడువవలసివచ్చింది. అనగా పరదేశి మొక్క మీదికి పరదేశి పురుగు. 2006, 2007లలో మళ్లీ గోధుమలు దిగుమతి అయినప్పుడు బస్తాలలో కొత్త కలుపు విత్తనాలు కానరాగా, జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన కేంద్రం వాటి కోసం దేశమంతటా నిఘా నడిపింది.

హజీరాకు ఎగువన సూరత్ నగరంలోనే తపతీ మీద 1995లో కట్టిన అడ్డుకట్ట వెనుక నిలిచిన నీటిలో గుర్రపుడెక్క పరుచుకొంటుంది. అమెజాన్ నుండి పూల అందానికి తెచ్చిన మొక్క అది. నగరపాలక సంస్థ యంత్రాలు పెట్టి తీయిస్తుంది, మళ్లీ వస్తుంది. చేతులు కాలినాక ఆకులు పట్టుకొనడం ఖర్చుతో కూడిన పని అని ఆ నది చెబుతున్నంత స్పష్టంగా ఏ నివేదికా చెప్పదు.

అయితే భయం కూడ సరియైన ప్రశ్నాపత్రం కాదు. హజీరా వంటి చోట్ల పరిశ్రమ పెట్టేవారు స్థలంలో మూడవ వంతు పచ్చదనం పెంచాలన్నది పర్యావరణ అనుమతులలో తరచు కనిపించే షరతు. నీరు ఉప్పన, నేల చౌడు, గాలి జోరు, పశువులు తినరాదు, రెండేళ్లలో గోడవలె లేవాలి. ఈ కోరికల జాబితా పట్టుకొని నర్సరీకి వెళ్లినవారికి కొన్నేళ్లపాటు దొరికిన సమాధానం కోనోకార్పస్. పర్షియా సింధుశాఖ దేశాల వీధులను పచ్చగా చేసిన ఆ చెట్టు గుజరాత్ నగరాలలోను, మన తెలంగాణలో హరితహారం కిందను విరివిగా పెరిగింది. పిమ్మట పుప్పొడి వలన ఉబ్బసమనీ, వేళ్లు గొట్టాలను చీలుస్తాయనీ ఆందోళన చెలరేగింది. తెలంగాణలో ఇక నాటవద్దన్నారు. 2023 సెప్టెంబరులో గుజరాత్ నిషేధించింది. ఈ ఆరోపణలలో ఎంత నిజమున్నదో శాస్త్రజ్ఞులలో భిన్నాభిప్రాయాలున్నాయి. కువైట్, ఇరాక్‌లలో గొట్టాలకు హాని జరిగినమాట వాస్తవం. అయితే మన నర్సరీలలో దానిని ఎక్కువగా కొమ్మలతోనే పెంచుతారు. తనంతట తాను అడవిలోకి పోతున్నదా అన్న ప్రశ్న వేరు. వీధిలో చికాకు కలిగించడం ఒకటి, దేశాన్ని ఆక్రమించడం మరొకటి. లక్షలకొలది నాటిన తరువాత ఒక్క ఉత్తర్వుతో నరికించడం, బెడ్డోమ్ చేసిన పొరపాటునే తిరగవేసి చేయడం. అప్పుడు అడగక తెచ్చాము. ఇప్పుడు అడగక కొట్టివేస్తున్నాము.

ఈ వ్యవహారంలో మన కడియం పాత్ర చిన్నది కాదు. గోదావరి ఒడ్డున రాజమహేంద్రవరం చెంత ఉన్న ఆ నర్సరీల నుండి లారీలకొద్దీ మొక్కలు దేశం నలుమూలలకు పోతాయి. విదేశాల అందాలను తెచ్చి అంటుకట్టి పెంచడంలో అక్కడి రైతుల నేర్పు ఎన్నదగినది. ఓడరేవులో తనిఖీ ఒకసారి దాటిన మొక్కను ఆ తరువాత జిల్లా నుండి జిల్లాకు, రాష్ట్రం నుండి రాష్ట్రానికి పోకుండ ఆపి, నీ కాయ ఎట్లున్నది, నీ విత్తనం పక్షి తింటుందా, నీ బంధువులలో కలుపుమొక్కలు ఎవరైనా ఉన్నారా అని అడిగేవారు సాధారణంగా ఉండరు. ఈ ప్రశ్నలకు ప్రయోగశాల అక్కరలేదు. మొక్కను చేతులారా పెంచేవాడే చాలావాటికి జవాబు చెప్పగలడు. ఏ మొక్క తొట్టి దాటి పక్క మళ్లలో తనంతట తాను మొలుస్తున్నదో మొదట చూసేవాడు వృక్షశాస్త్రజ్ఞుడు కాడు, కలుపు తీసే కూలి.

ఉప్పుగాలి తీరానికి తగిన చెట్లు మనకు లేకపోలేదు. మిస్వాక్ పుల్లలిచ్చే పీలూ గుజరాత్ చౌడునేలల సొంతబిడ్డ. గంగరావి సముద్రపు ఒడ్డున పుట్టి పెరిగే చెట్టు. కానుగ ఉప్పును చాలవరకు ఓర్చుకొంటుంది. కోనోకార్పస్ వలె రెండేళ్లలో గోడ కట్టవు. పరిశ్రమ తనిఖీకి అధికారి వచ్చే నాటికి ఎంత ఎత్తున్నదన్నదే కొలమానమైనంత కాలం వాటికి గిరాకీ తక్కువే.

వేసవి ముదిరేవేళకు ఈ ప్రాంతాలలో పిచ్చి తుమ్మ కాయలు పండి పసుపుపచ్చగా రాలుతాయి. రుచికి తియ్యన. దారినపోయే ఆవులు, మేకలు ఆగి ఒక్కొక్కటిగా ఏరుకొని తింటాయి; తిని మరొక బీడు వైపు నడుస్తాయి. 1877లో కమలాపురం చేరిన చెట్టు నేటికీ ప్రయాణం చేస్తున్నది ఆ విధంగానే.